ముందే తెచ్చుకున్న ఆజ్ఞలు

పనిచేస్తోంది కదా, ఇంకేం కావాలి నీకు అంటాడు తోటి ఇంజనీరు ఫర్గస్, నాలుగుసార్లు మేలుకొని అయిదోసారి మొద్దులా పడివుండే కొలతల పెట్టెను పనిచేస్తోందని ఎలా అంటారో, హెస్టర్ దాని లోపలి బోర్డుకు మళ్ళీ కరెంటు తీసి ఇచ్చింది, పెట్టెను మేలుకొలిపే ప్రోగ్రాం, బూట్‌లోడర్, మెమరీ సిద్ధమన్నది, ఆపైన ఉలుకూ పలుకూ లేదు, కిటికీ అవతల హోబర్ట్ రేవులో నారింజరంగు ఓడ సరుకెక్కించుకుంటోంది, సాయంత్రం బయలుదేరి ఈ పెట్టెను దక్షిణాన మంచుపలక మీద వదిలివస్తుంది, శీతాకాలమంతా బ్యాటరీ మొరాయించినప్పుడల్లా ఇది తనంతట తాను మేలుకోవాలి, ఒక్కసారి మేలుకోకపోతే ఏడాది కొలతలు పోయినట్టే, మీట నొక్కడానికి అక్కడ పెంగ్విన్లు తప్ప ఎవరున్నారు.

ఫర్గస్ వైద్యం మరీ చోద్యం, క్యాష్ అనే చేతికందే చిన్న మెమరీనీ, మెమరీలో ఏది ఎక్కడుందో చెప్పే కొత్త చిరునామాల పట్టికనూ ఆన్ చేయగానే తెరమీద ఏదో ఒక మాట వేయించు, జబ్బు మాయం, ఎందుకు మాయమయిందయ్యా అంటే, తల్లీ, ఓడవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు, నీ శాస్త్రం పూర్తయ్యేసరికి వాళ్ళు మంచులో ఉంటారు, అంటూ గుల్లమాంసం కూరిన రొట్టె తునకలు ఆమె కీబోర్డులో రాలుస్తాడు, ముందు ఆ తిండి అవతల పెట్టు, మాట వేయిస్తే ఆలస్యమవుతుంది, అంతే, ఆలస్యం మందెలా అవుతుంది, ప్రాసెసర్‌ను ఆగమనే ఆజ్ఞ, బారియర్, ఉండనే ఉంది, కోడ్ సమీక్షలో అందరూ ఆ పదం చూసి తలలూపారు, తానూ ఊపింది, పట్టిక రాయి, రాత మెమరీకి చేరేదాకా ఆగు, కొత్త పట్టికను ఆన్ చేసే మీట వెయ్యి, కొత్త చిరునామాకు దూకు, ఆగు అన్నది మీటకు ముందు, మీట తర్వాత, తర్వాత ఏదీ.

లాన్సెస్టన్‌లో ఇల్లు మారిన కొత్తల్లో నాన్న ఆఫీసు నుంచి తిన్నగా పాత ఇంటికే వెళ్ళి ఎవరి తలుపులోనో తాళంచెవి తిప్పేవాడు, ఇల్లు మారిందని తెలియక కాదు, కాళ్ళు ముందే పాతదారి పట్టేసేవి, ప్రాసెసరూ అంతే, మీట వేస్తూనే తర్వాతి ఆజ్ఞలను పాత చిరునామాల లెక్కన తెచ్చి చేతిలో పెట్టుకుంది, హెస్టర్ పెట్టిన బారియర్ రాతలు చేరేదాకా ఆపేది, తెచ్చుకున్న ఆజ్ఞలను పారేయించేది కాదు, తెరమీద మాట వేయించేలోగా ఆ పాతవి వాటంతటవే జారిపోయేవి, అదీ ఆలస్యం చేసిన వైద్యం, మీట కిందనే ఆ రెండో రకం బారియర్ ఒక్క వరుస రాసి, ఫర్గస్ తెరమీద వేయించిన మాట తీసేసి, కరెంటు తీసి ఇచ్చింది, లేచింది, మళ్ళీ, లేచింది, మళ్ళీ మళ్ళీ, ఫర్గస్ నమలడం మానేశాడు, ఏం మార్చావ్, ఒక్క వరుస, ఒక్క వరుస కోసం పొద్దున్నుంచీ నా ప్రాణం తోడేశావా, ఆమె పెట్టె మూత బిగించసాగింది, మారమని చెప్పినంత మాత్రాన ఏదీ మారదు, చేతిలో ఉన్నది పారేసి మళ్ళీ తెచ్చుకొమ్మని కూడా చెప్పాలి.