ముప్ఫై నిమిషాల టేపు

ఆరోసారి కూడా ప్రోగ్రాం సగం దాకా ఎక్కి ఆగిపోయింది. సరోజినీదేవి టేప్‌రికార్డర్ ఆపేసి కళ్లజోడు తీసింది.

లెక్కల టీచరుగా ఉన్న రోజుల్లో కొనుక్కున్న చిన్న కంప్యూటర్ అది. దాని మీద ఏం రాసినా క్యాసెట్‌లోనే దాచుకోవాలి. స్కూలు టైమ్‌టేబుల్ వేసే ప్రోగ్రాం అలాగే దాచింది. ఆమె దగ్గర చదువుకుని, అదే స్కూల్లో ఇప్పుడు కంప్యూటర్ పాఠాలు చెబుతున్న రిబ్కా, శనివారం దాన్ని పిల్లలకు చూపించమని అడిగింది. కాదనే ఓపిక లేక సరోజినీదేవి ఒప్పుకుంది.

కొత్త క్యాసెట్ కోసం ఎండలో పడి తిరువూరు బస్టాండు వెనక కాలేషా కొట్టుకు వెళ్లింది. ఒకప్పుడు క్యాసెట్లు అమ్మిన కాలేషా ఇప్పుడు మిక్సీలు బాగుచేస్తున్నాడు. అటక మీంచి అట్టపెట్టె దింపాడు. ఆమె చెయ్యి తొంభై నిమిషాల క్యాసెట్ మీదికి పోయింది.

"అది వద్దు టీచరుగారూ. టేపు పల్చన, సాగిపోద్ది. పాట కాస్త సాగినా చెవి సర్దుకుంటది. మీ మిషను సర్దుకోదు," అన్నాడు కాలేషా.

ఖరీదైన రకం ఆమె పాత రికార్డరుకు పడదనీ, మామూలు ముప్ఫై నిమిషాలదే నయమనీ చెప్పాడు. అలాంటివి రెండే ఉన్నాయి. ఒకటి బూజు పట్టింది. రెండోదాన్ని చివరిదాకా తిప్పి చూసి ఇచ్చాడు.

పాత టేపు ఇక పలకదు. ప్రోగ్రాం రాసిపెట్టుకున్న నోటుపుస్తకం చూసి రెండొందల పన్నెండు లైన్లూ మళ్లీ కొట్టాలి. పొద్దున గంట, సాయంత్రం గంట. అంతకుమించి కళ్లు ఒప్పుకోలేదు. మూడోరోజు టీచర్ల పేర్ల దగ్గరికి వచ్చింది. పద్నాలుగు మంది. అందులో తొమ్మిదిమంది పోయారు. ఇప్పటివాళ్ల పేర్లు పెట్టొచ్చు గానీ, చేతులు రాలేదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ అందరి పేర్లూ కొట్టింది. తర్వాత కొత్త టేపు మీద రెండుసార్లు రికార్డు చేసింది.

శనివారం కంప్యూటరూ, టేప్‌రికార్డరూ, తెరగా వాడే పాత టీవీ ఆటోలో వేసుకుని స్కూలుకు వెళ్లింది. టేపు కీచుమంటూ నాలుగు నిమిషాలు తిరిగింది. పిల్లలు మొదట నవ్వారు, తర్వాత విసుగుపడ్డారు. చివరికి తెర మీద సోమవారం టైమ్‌టేబుల్ వచ్చింది. రిబ్కా చదువుతూ ఆగింది.

"మూడో పీరియడ్ శ్యామలాంబ మేడమ్ అని ఉంది, మేడమ్."

"అవును. ఆవిడదే."

శ్యామలాంబ పోయి ఆరేళ్లయింది. ఒక అమ్మాయి లేచి, ఆ టీచరు రాకపోతే ఎవరొస్తారని అడిగింది. దానికీ ప్రోగ్రాంలో ఏర్పాటుంది. సరోజినీదేవి ఓ మీట నొక్కింది. శ్యామలాంబ పేరు చెరిగిపోయి, ఆ గడిలో సరోజినీదేవి పేరు పడింది.

"నేనే వచ్చేదాన్నమ్మా," అని కుర్చీ లాక్కుని కూర్చుంది.