మూత తెరుచుకోని బండి

జిగురు వాసన. ముక్కులో కాదు, నాలుక వెనక... చేదుగా.

బొమ్మకి పాపం అంటుతుందా?

కళ్లజోళ్లు బాగుచేసే అతనికి ఈ సందేహం నిన్న మొన్నటిది కాదు. ఏళ్ల తరబడి మోస్తున్నాడు. పొద్దున దేవుడికి జోడించిన చేతులే సెలవు మధ్యాహ్నం బొమ్మ యుద్ధ ట్యాంకులకి ఫిరంగి గొట్టాలు అతికిస్తాయి. దేవుడు చూస్తూనే ఉంటాడు. ఏమీ అనడు.

అనకపోతే ఒప్పుకున్నట్టేనా?

ఈసారి కట్టింది ఏ సైన్యంలోనూ లేని బండి. పాత ప్లాస్టిక్ బొమ్మల కిట్లలో మిగిలిపోయిన ముక్కలు — ఒకదాని చక్రాలు, ఒకదాని పొట్ట, ఇంకోదాని ఫిరంగి తల. అతుకుల బొంత. పక్కలకి గొలుసు పట్టాలు, జెర్రి కాళ్లలా. కళ్లజోడు మరలు పట్టే పట్టకారుతోనే ఒక్కో ముక్కా పట్టుకున్నాడు. ఊపిరి బిగబట్టి అతికించాడు. పెన్సిలు ముల్లు నూరి మసి పూశాడు.

మసి అచ్చం మసిలాగే కుదిరింది.

ముచ్చటేసింది. ముచ్చటేసినందుకు రోత పుట్టింది.

"గోడలకి సున్నం వేయించమంటే ఫిరంగి బండికి రంగులా? పోనీ, కూరగాయలకైనా పనికొస్తుందా ఇది?" అంది భార్య.

"దీంట్లో వెళ్తే బేరం త్వరగా తెగుతుంది," అన్నాడు.

ఆమె నవ్వింది. అతనికి నవ్వు రాలేదు.

బండి ఆమె అన్నగారి కోసం. బావగారు యుద్ధంలో నిజం ఫిరంగి బండే నడిపాడు. సగం కాలిపోయిన ఎడమ చెవితో తిరిగొచ్చాడు. వచ్చిన రోజే అడిగాడు — "బావా, ఒక్క గంట నా దగ్గర కూర్చో. చెప్పాల్సింది ఉంది."

"ముందు భోంచేయండి బావగారూ, చల్లారిపోతుంది," అన్నాడు ఇతను. వినాలంటే భయమేసింది మరి.

ఆ గంట ఇవ్వనేలేదు. ఆయన మళ్లీ అడగనూ లేదు. బాకీ అలాగే ఉండిపోయింది. బొమ్మ చేతిలో పెడితే తీరిపోతుందనుకున్నాడు... వినాల్సిన పని లేకుండా.

బావగారు వచ్చాడు. బండిని అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. బాగుందనలేదు.

"డ్రైవరు ఎక్కి దిగే మూత తెరుచుకోదేం బావా?"

"అంటించేశాను. బొమ్మే కదండీ."

"అంటించకపోయినా తెరుచుకోదు. పైన ఈ తల అడ్డం." వేలు పెట్టి చూపించాడు. "లోపలివాడు ఎలా బయటికొస్తాడు?"

లోపలివాడు.

ఉన్నాడు. మిగిలిన ముక్కల్లో ఒక డ్రైవరు బొమ్మ దొరికింది. పట్టలేదు. మోకాళ్ల దగ్గర కోశాడు. లోపల కూర్చోబెట్టి పైన మూత అంటించాడు. ఎవరికీ కనబడడని తెలుసు. అయినా, పని శుభ్రంగా ఉండాలని...

శుభ్రంగా!

లేచి వెళ్లి చేతులు కడుక్కున్నాడు. మళ్లీ కడుక్కున్నాడు. వేళ్ల మీద జిగురు ఎండి, పాము కుబుసంలా పొరలు పొరలుగా ఊడుతోంది. ఎంత గోకినా ఇంకా ఉంది.

"వడ్డించేశాను, రండి! చల్లారిపోతుంది!" వంటింట్లోంచి భార్య.

కాళ్లు అటు కదిలాయి. ఎప్పటిలాగే.

ఆగాడు.

"చల్లారనీ," అన్నాడు.

కుర్చీ లాగి బావగారికి ఎదురుగా వేసుకున్నాడు. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా.

"ఆ రోజు ఏదో చెప్తానన్నారు. చెప్పండి బావగారూ. నేను కదలను."

బావగారు బొటనవేలి గోరు మూత అంచున పెట్టి లేపుతున్నాడు... లేపుతున్నాడు. అది రావడం లేదు.

"ఆ బండిలోకి మేం నలుగురం ఎక్కాం బావా..."

కిటికీ తెరిచే ఉంది. గాలి వస్తూనే ఉంది. అయినా నాలుక వెనక — ఆ చేదు.