తప్పు ముందు, మెప్పు తర్వాత

శనివారం మధ్యాహ్నం మూడింటికి లైబ్రరీలో ఆత్మకథల బల్ల చుట్టూ అయిదారుగురు చేరతారు. ఎవరు ఏ పుస్తకం చదవమని చెప్పినా ముందు అందులో ఒక తప్పు చెప్పాలి, ఆ తర్వాతే మెప్పు. ఈ నియమం పెట్టింది లైబ్రేరియనమ్మ. మొహమాటం ఆవిడ ఇంటా వంటా లేదు.

నిజమైన మాట ఒక్కటి కూడా దక్కని పుస్తకం అక్కడ బరువు తగ్గి, పైకి లేచి సీలింగుకు అంటుకుంటుంది. ఒక పెద్ద ఆఫీసరుగారి ఆత్మకథ మూడేళ్లుగా అక్కడే ఉంది. దానికి తగులుతుందని ఎండాకాలంలో కూడా ఫ్యాను వెయ్యరు. అందరూ ఆయన్ని తిట్టుకుంటూ అట్టముక్కలతో విసురుకుంటారు.

టైలరక్క తన జీవితాన్ని నూటపన్నెండు పేజీల్లో రాసి, తనే సూదీదారంతో కుట్టి తెచ్చినప్పుడు మాత్రం ఆ నియమం ఎవరికీ గుర్తు రాలేదు. అక్కడ ఆమె కుట్టిన బట్ట వేసుకోనివాళ్లు లేరు మరి. నర్సమ్మ అద్భుతం అంది. బస్సు డ్రైవరు కన్నీళ్లు ఆగలేదన్నాడు. ఆయన చదివింది అట్ట ఒక్కటే. అందరూ కలిసి ఆమెను మునగచెట్టెక్కించారు. మూడు వారాలకల్లా పుస్తకం సీలింగు చేరింది.

టైలరక్క తల ఎత్తి చూసింది. పాపం, ఆమె అది రాసిందే పక్క వీధిలో ఉన్న చెల్లెలి కోసం. ఒకప్పుడు ఇద్దరూ ఒకే దుకాణం నడిపారు. ఖరీదైన కోటు చేతులు అంగుళం పొట్టిగా తెగాయి. తప్పు నీదంటే నీదని విడిపోయి ఇరవై ఏళ్లయింది. ఆ కోపంలో ఎలా కొలిచావని ఎవరూ ఎవరినీ అడగలేదు. ఎప్పటికైనా చెల్లి చదవకపోతుందా అని అక్క ఆశ.

నాలుగో వారం ఎవరో కిటికీ తెరిచారు. పుస్తకం బయటికి పోయింది.

మరుసటి శనివారం చెల్లెలు వచ్చింది. పుస్తకం పోకుండా దారంతో మణికట్టుకు కట్టుకుంది. అది తన కుట్టుమిషను మీద వాలిందని లైబ్రేరియనమ్మకు చెప్పి, అక్క ఎదురుగా కూర్చుంది.

"అరవై నాలుగో పేజీలో కొలత నేను తప్పు రాశానన్నావు. అది అబద్ధం. మన టేపుకి మొదటి అంగుళం చిరిగిపోయింది కదా, వచ్చిన కొలతలో ఒకటి తీసేసే రాశాను."

టైలరక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అంగుళం ఎడం పెట్టి చూసుకుంది.

"కత్తిరించేటప్పుడు నేనూ ఒకటి తీశానే. నువ్వు మర్చిపోయి ఉంటావని."

"అంటే ఇద్దరం తీశాం."

దారం వదులైంది. పుస్తకం మెల్లగా దిగి బల్ల మీద ఆనింది.

"తప్పు చెప్పడం అయింది. మరి మెప్పు?" అంది లైబ్రేరియనమ్మ.

చెల్లెలు ఆ కుట్టును వేలితో తడిమింది. "అంత కోపంలోనూ ప్రతి పేజీలో 'మా చెల్లి' అనే రాశావక్కా." తర్వాత మిగతావాళ్ల వైపు తిరిగింది. "అందరూ చదవండి."

టైలరక్క అరవై నాలుగో పేజీలోని ఆ వాక్యం కొట్టేసి, చెల్లెలు చెబుతుంటే మళ్లీ రాసింది. ఈసారి నిజంగానే చదువుతానని బస్సు డ్రైవరు పుస్తకం అందుకోబోయి ఎత్తలేకపోయాడు. చివరికి అక్కాచెల్లెళ్లిద్దరూ చెరోవైపూ పట్టుకుని ఇంటికి మోసుకెళ్లారు.