పదిహేడో చుక్క

"ఆ ఒక్క చుక్క తీసేస్తే నీ సొమ్మేం పోతుంది?" అన్నాడు మా ఆయన, తాగిన కప్పు సింకులో వదిలేస్తూ. అందులో కాసిన్ని నీళ్ళైనా పొయ్యలేదు. నేను తోమిన పళ్ళేన్నే మళ్ళీ తోముతున్నాను.

మేమిద్దరం పనిచేసేది ఒకే చోట. కొత్త మందు పదార్థం ఒంట్లోని ప్రోటీన్‌ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో నేను కంప్యూటర్లో లెక్క కడతాను. ఆయన ల్యాబులో ఆ రెండిటినీ కలిపి కొలుస్తాడు. నా లెక్కా ఆయన కొలతా కలిపి గ్రాఫు గీస్తే ఒక్కో పదార్థం ఒక్కో చుక్క. మొత్తం ఇరవై. పందొమ్మిది, లెక్కా కొలతా సరిపోయి, గీతని అంటుకునే ఉన్నాయి. పదిహేడోది దూరంగా నిలబడింది. అన్నిటికంటే గట్టిగా పట్టుకునేది అదేనని నా లెక్క. ఆయన కొలతలో అంతంత మాత్రం. మధ్యాహ్నం మీటింగులో దాన్ని పక్కన పెట్టేస్తే ఇక ఎవరూ దాని మొహం చూడరు.

నాలుగేళ్ళుగా తేడా వచ్చినప్పుడల్లా నేనే జరిగాను. ఆయన కొలత చూసి, ఇక్కడో సంఖ్య మార్చి, లెక్కలోంచి అక్కడో నీటి అణువు తీసేసి, నా లెక్కని దాని దగ్గరికి తోసేదాన్ని. కొలిచింది నిజం, కట్టింది ఊహ అని నేనూ నమ్మాను. "వాడు పొద్దస్తమానం నిలబడి చేస్తాడమ్మా. కూర్చుని మీటలు నొక్కేదానికి నీకు నడుం నొప్పేంటో" అంటుంది మా అత్తగారు. నిజమే కాబోలనుకుని ఆ నడుంతోనే వంటింట్లో నిలబడేదాన్ని. ఈసారి మాత్రం మూడుసార్లు మొదట్నుంచీ కట్టాను. మూడుసార్లూ అదే జవాబు. పోయిన వారం ఆయన మర్చిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి ల్యాబుకి వెళ్ళినప్పుడు పదిహేడో పదార్థం కలిపిన ట్యూబు చూశాను. అడుగున సన్నటి తెల్లటి మడ్డి. అడుగున పంచదార మిగిలిపోయిన గ్లాసులో పైపైన తాగితే తీపి తక్కువే తెలుస్తుంది.

"ఏమండీ, అది పూర్తిగా కరగలేదేమో. ఇంకోసారి కొలవండి" అన్నాను ఆ రోజే.

"నీ కూరలో ఉప్పెక్కువైందని నేనెప్పుడైనా నోరెత్తానా?" అన్నాడు.

ముందురోజే ఎత్తాడు.

మీటింగు రోజు ఆఫీసులో పొద్దుటంతా కుర్చీలో కుదురు లేదు. నిండుగా ఉన్న సీసా పట్టుకుని నీళ్ళకి వెళ్ళి, అలాగే తిరిగొచ్చాను. మౌసు ఆ చుక్క మీదికి వెళ్ళేది. ఒక్క నొక్కు చాలు. ఇంట్లో వారం రోజులు ప్రశాంతంగా ఉంటుంది. రెండుసార్లు తీసేశాను. రెండుసార్లూ మళ్ళీ పెట్టాను.

మీటింగులో గ్రాఫు తెర మీదికి వచ్చేసరికి ఇరవై చుక్కలూ ఉన్నాయి. పక్కన కూర్చున్న మా ఆయన కాలు ఊపడం ఆపేశాడు.

"ఆ పైన ఒంటరిగా ఉన్నదేంటి?" అని డైరెక్టరుగారు నవ్వుతూ ఆయన వైపు తిరిగారు. "ఏమయ్యా, మీ ఆవిడ లెక్క ఎక్కడ తప్పిందంటావ్?"

మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"లెక్క కట్టింది నేను సార్, నన్నడగండి" అన్నాను. "నాదే తప్పయినా కావచ్చు. ముందు ఆ ట్యూబు తెప్పించండి, అందరం కలిసి దాని అడుగు చూద్దాం."