తెరేసమ్మ వెనక్కి తీసుకున్న పాపం

తెరేసమ్మకి అన్నీ తెలుసుకోవాలన్న యావ పుట్టుకతోనే వచ్చింది. రిక్షా ఎక్కితే దిగేలోపు ఆ రిక్షా అతని పిల్లల పేర్లూ, చదువులూ, చిన్నదానికి పళ్ళొచ్చాయో లేదో కూడా రాబట్టేది. బ్యారేజీ తలుపులు ఎలా లేస్తాయో చెప్పమని అక్కడి పనివాణ్ణి అరగంట నిలబెట్టింది. రేడియోలో మాట ఎక్కడినుంచి వస్తుందో చూద్దామని వెనక చెక్క ఊడదీసింది. మళ్ళీ బిగించడం మాత్రం చేతకాలేదు. "నీకెందుకమ్మా ఇయ్యన్నీ?" అంటే, "ఊరికే, తెలుసుకుందావని," అనేది. ముప్ఫై ఒక్కేళ్ళ మనిషి. పెళ్ళి మాట ఎత్తనిచ్చేది కాదు. బెజవాడలో కాలవగట్టు వెనక వీధిలో సొంత కుట్టుమిషను, ఎవరికీ చెయ్యి చాచని బతుకు. ఇంత ఆరా తీసే మనిషి, తన విషయం ఒకదాన్ని మాత్రం ఇరవై మూడేళ్ళుగా విప్పి చూడలేదు.

పక్క వాటాలో ఉండే మణెమ్మకి మూడో కాన్పులో ఆడపిల్ల పుట్టింది.

"అక్కా, జ్ఞానస్నానానికి బిడ్డని నువ్వే పట్టుకోవాలి. జ్ఞానతల్లివి నువ్వే. ఈసారి గానీ కాదన్నావంటే నీతో మాట్లాడను, ఒట్టు!" అంది.

పెద్దది లూర్దు పుట్టినప్పుడూ అడిగింది, రెండోవాడికీ అడిగింది. రెండుసార్లూ తెరేసమ్మ ఏదో సాకు చెప్పి తప్పించుకుంది. పిల్లలంటే ప్రాణం. అయినా పసిగుడ్డుని ఒళ్ళోకి తీసుకోదు. తన చేతులు మంచివి కావని ఆమె నమ్మకం. ఇక జ్ఞానతల్లి అంటే ముందురోజు గుళ్ళో పాపసంకీర్తనం చేసుకుని, అంటే ఫాదరు ముందు పాపాలన్నీ చెప్పుకుని, మనసు కడుక్కుని రావాలి. తెరేసమ్మ మనసులో ఎంత కడిగినా పోని పాపం ఒకటుంది.

ఆ సంగతి చెప్పాలంటే నాకే ఒళ్ళు మండుతుంది, అయినా చెప్పాలి. ఆమె పుట్టింది ఉయ్యూరు దగ్గర పల్లెలో. ఎనిమిదో ఏట, చెరుకు కాటా దగ్గర గుమాస్తాగా ఉండే జక్కయ్య, సాక్షాత్తూ జ్ఞానస్నానంలో ఆమెని పట్టుకున్న జ్ఞానతండ్రి, మిఠాయి పెడతానని ఇంటికి పిలిచి, పసిపిల్లతో ఏ పెద్దవాడూ చెయ్యకూడని పని చేశాడు. ఒక్కసారి కాదు, ఆ వేసవంతా. ఎవరికన్నా చెబితే దేవుడికి కోపం వస్తుందన్నాడు, నీచుడు.

ఆ ఏడే ఆ పిల్లకి మొదటి సత్ప్రసాదం, పూజలో దివ్య అప్పం మొదటిసారి అందుకునే పండగ. దానికి ముందు మొదటి పాపసంకీర్తనం. పిల్లలు పది ఆజ్ఞలూ వరసగా చదువుకుంటూ, దేనికింద ఏం తప్పు చేశారో వెతుక్కోవాలి. ఆరవ ఆజ్ఞ దగ్గర "చెడ్డ పనులు చేసితినా?" అని ఉంది. పిల్ల వెతుక్కుంది. పాపం, దొరికింది. మోకరించి, "చెడ్డ పని చేశాను," అని చెప్పింది. ఏం పని అని గానీ, ఎవరు అని గానీ, నీకెన్నేళ్ళని గానీ జాలీ అవతల కూర్చున్న ఫాదరు అడగలేదు. ఒక జపమాల చెప్పుకోమన్నారు. చెప్పుకుంది. ఏడాది తిరిగినా అది పోయినట్టు అనిపించలేదు, మళ్ళీ చెప్పింది. ఇరవై మూడేళ్ళు, ఆరుగురు ఫాదర్లు, అదే మాట. జక్కయ్య మాత్రం పెద్దమనిషిగానే బతికి, పూలదండలతో సమాధికి వెళ్ళాడు.

తెరేసమ్మ మణెమ్మకి అవుననలేదు, కాదనలేదు. ఇంతలో జ్ఞానస్నానం వారం రోజుల్లోకి వచ్చేసింది. బాలింత బయటికి రాలేక, లూర్దు చేతికి తెల్లగుడ్డ ఇచ్చి పంపింది. లూర్దుకీ ఎనిమిదేళ్ళే, దానికీ మొదటి సత్ప్రసాదం గౌను కావాలి. ఆ గౌన్లు తెరేసమ్మ ఎవరికీ కుట్టదు, ఎందుకని అడిగితే నవ్వి ఊరుకుంటుంది. కానీ గుమ్మంలో నిలబడి నోరంతా తెరిచి నవ్వుతున్న పిల్లని వెనక్కి ఎలా పంపుతుంది?

టేపు తీసి ఛాతీ చుట్టూ తిప్పింది. ఇరవై రెండు అంగుళాలు. తప్పు చూశాననుకుని మళ్ళీ కొలిచింది. ఇరవై రెండే. భుజం జానెడు దాటి కొంచెం. మణికట్టు పట్టుకుంటే తన వేళ్ళు రెండూ కలిసి ఇంకా మిగిలాయి. ఇంతే ఉంటారా ఎనిమిదేళ్ళ పిల్లలు? తనని తాను తలుచుకున్నప్పుడల్లా, అన్నీ తెలిసిన పెద్ద మనిషే ఆ ఇంటికి నడిచి వెళ్ళినట్టు కనిపించేది. ఆమెకి ఎక్కడలేని ఆరా పుట్టింది.

"పాపాలన్నీ వెతుక్కున్నావటే?"

"ఆ! మొత్తం ఆరు పెద్దమ్మా. బెల్లం దొంగతనంగా తిన్నా. తమ్ముణ్ణి గిల్లా. జపం అప్పుడు నిద్రపోయా. అబద్ధాలు రెండు. ఇంకోటేమో, పాలగిన్నె పిల్లి పడేసింది."

"ఓసి నీ తెలివి తగలెయ్యా! పిల్లి పడేస్తే నీ పాపం ఎట్టా అయ్యిందే?"

"అమ్మ నన్నే కొట్టింది కదా," అంది లూర్దు, ఆ మాత్రం తెలీదా అన్నట్టు.

తెరేసమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. పిల్లని పంపించి, తలుపు వేసుకుని, మిషను ముందు కూర్చుని, ఆ పాతదాన్ని మొదటిసారి రేడియో విప్పినట్టు విప్పి చూసింది. పిలిచిందెవరు? తలుపు వేసిందెవరు? చెప్పొద్దన్నదెవరు? ఒక్కదానికీ తన పేరు రాలేదు. దెబ్బ తగిలింది కాబట్టి తప్పు తనదే అనుకుందా ఆ పిల్ల? ఇన్నేళ్ళూ? అప్పుడు ఏడ్చింది. జక్కయ్య మీద కోపంతో ఏడ్చింది, అంతకన్నా ఎక్కువగా ఇరవై రెండు అంగుళాల ఆ పిల్లని తలుచుకుని ఏడ్చింది. మొహం కడుక్కుని, "బిడ్డని నేనే పట్టుకుంటా," అని మణెమ్మకి కబురు పంపింది.

శనివారం సాయంత్రం గుళ్ళో వరసలో నిలబడింది.  ఈ మాట ఇవాళ చెప్పలేకపోతే రేపు బిడ్డని ముట్టుకోలేనని ఆమెకి తెలుసు. జాలీ అవతల కొత్తగా వచ్చిన కుర్ర ఫాదరు కూర్చుని ఉన్నారు.

"పాపం చెప్పుకోడానికి కాదు ఫాదర్," అంది మోకరించి. "ఒకటి వెనక్కి తీసుకుందావని వచ్చా. చెడ్డ పని చేశానని ఇరవై మూడేళ్ళుగా చెప్పుకున్నా. అది నాది కాదండీ. మా జ్ఞానతండ్రి జక్కయ్యది."

ఫాదరు జాలీకి దగ్గరగా జరిగి అడిగారు.

"అప్పుడు నీకెన్నేళ్ళమ్మా?"

"ఎనిమిదండీ."

"ఇన్నేళ్ళలో మాలో ఒక్కరూ ఈ మాట అడగలేదా?"

"లేదండీ. మీరే మొదలు."

 ఫాదరు గొంతు తగ్గించి, "నీ పాపం కాదమ్మా, ఏనాడూ కాదు. వినాల్సిన చోట కూర్చుని మేం వినలేదు. మమ్మల్ని క్షమిస్తావా?" అన్నారు.

తెరేసమ్మ తలెత్తి జాలీలోంచి చూడబోయింది. క్షమించమని అటునుంచి అడగడం ఎప్పుడూ వినలేదు. అలా అడిగేటప్పుడు మనిషి మొహం ఎలా ఉంటుందో చూడాలనిపించింది. చీకట్లో ఏమీ కనబడలేదు.

"ఆలోచించుకుని చెబుతానండీ," అంది.

లేచి గబగబా బయటికి వచ్చింది. రేపటిదాకా ఆగలేదు. తిన్నగా మణెమ్మ ఇంట్లోకి పోయి, "ఇప్పుడే పడుకోబెట్టానక్కా, లేపమాకు!" అంటున్నా వినిపించుకోకుండా, నిద్రపోతున్న పసిదాన్ని ఉయ్యాల్లోంచి తీసి రెండు చేతుల్తో గుండెకి ఎత్తుకుంది.