ఆరు గంటల వరుస

వృద్ధాశ్రమంలో ఆయా పని నాకు కొట్టిన పిండి. కానీ కొత్త సూపర్‌వైజర్ వస్తూనే, చేసిన ప్రతి పనీ టైముతో సహా ఇంగ్లీషులో రిజిస్టర్‌లో రాయాలంది. రాయడం రానివాళ్లు నెలాఖరుకి ఇంటికెళ్లిపోవచ్చట. ఇల్లు గడిచేది నా జీతం మీదే.

నాలుగో గదిలో పంతులమ్మగారు ఉండేవారు. ముప్పై ఏళ్లు బళ్లో ఇంగ్లీషు చెప్పిన మనిషి. కాళ్లు మొరాయించాయి గానీ నోరు కాదు.

"ఏడుస్తావేమే మొద్దూ! వాష్, హెల్ప్, టర్న్, చెక్. నీ పనంతా ఈ నాలుగు మాటలేగా? మాట చివర ఈ, డీ అక్షరాలు తగిలించు, పనైపోయినట్టే. చివర ముందే ఈ ఉందనుకో, డీ ఒక్కటి చాలు."

"అంతేనా అమ్మగారూ?"

"అంతే. కాకపోతే పని చేశాకే రాయి. ముందు రాస్తే అది అబద్ధం."

రోజూ నోటుపుస్తకంలో నా రాతలు ఎర్ర పెన్సిల్‌తో దిద్దేవారు. పది రోజుల్లో రాయడం వచ్చింది గానీ, నాది నత్తనడక. మిగతా ఆయాలదీ అదే గోల. అందుకని మధ్యాహ్నం టీ తాగుతూనే సాయంత్రం పనులన్నీ చేసేసినట్టు రాసి పెట్టుకునేవాళ్లం. ఆ సంగతి పంతులమ్మగారికి చెప్పలేదు.

ఆ రోజూ అలాగే రాశాను. ఆరు గంటలకు నాలుగో గది ఆవిడకి బాత్రూమ్‌కి వెళ్లడానికి సాయం చేశానని.

సరిగ్గా ఆరింటికి కొత్తగా చేరే ముసలాయన వచ్చాడు. పెట్టెలు, బంధువులు, హడావిడి. నాలుగో గది బెల్లు మోగింది. మళ్లీ మోగింది. "వస్తున్నా అమ్మగారూ" అని ముందుగదిలోంచే అరిచాను. ఆరున్నరకి వెళ్లేసరికి ఆవిడ బాత్రూమ్ గుమ్మంలో పడి ఉన్నారు. తల కింద నెత్తురు. ఊపిరి లేదు.

సూపర్‌వైజర్ రిజిస్టర్ తిరగేసింది.

"ఆరింటికి నువ్వు తీసుకెళ్లావుగా. మళ్లీ తనంతట తానే లేచుంటుంది, పాపం. నీ తప్పేం లేదు."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. నెలాఖరు గుర్తొచ్చింది. తలూపాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఆవిడ పోయిన సంగతి కూడా రాసెయ్" అంటూ పెన్ను అందించింది.

'డై' చివర ఈ ఉంది. డీ ఒక్కటి చాలు. రాశాను.

సూపర్‌వైజర్ చదివి నా భుజం తట్టింది.

"బాగా నేర్చుకున్నావే. ఒక్క తప్పు లేదు."