ఆయన ఫోటోకి దండ

మంత్రి పదవి పోయాక కూడా మా ఆయనకి సన్మానాలు ఆగలేదు. గౌరవ డాక్టరేటు, ఏవో కమిటీలకి అధ్యక్షత, బీరువా పట్టనన్ని శాలువాలు. అవీ ఆగిపోయాక ఫోను మోగడం మానేసింది. అలాంటిది, మాదాపూర్‌లో సర్కారు కొత్తగా కట్టిన కంప్యూటర్ల భవనంలో సభామందిరానికి ‘రామబ్రహ్మం’ అని ఆయన పేరు పెడుతున్నారని కార్డు వస్తే పసిపిల్లాడిలా మురిసిపోయారు. కార్డు నా పేరున వచ్చింది. “ఆడవాళ్ళకిచ్చే మర్యాద, భ్రమరా!” అన్నారు.

గుమ్మంలో ఒక అమ్మాయి ఆడవాళ్ళకి బొట్టు పెడుతోంది. నా పేరు చెప్పగానే కుంకుమ పళ్ళెం వెనక్కి లాక్కుని, “సారీ అండీ” అంది జాలిగా. నా నుదుట ఇంత బొట్టు కనబడుతుంటే దీనికేం రోగం అనుకున్నాను.

లోపల అడుగు పెట్టాం. వేదిక మీద మా ఆయన ఫోటో, వయసులో ఉన్నప్పటిది. దానికి బంతిపూల దండ. ముందు దీపం. కింద ‘కీర్తిశేషులు’ అని.

ఆయన నా భుజం పట్టుకుని నిలబడిపోయారు.

సోమేశ్వరరావు పరుగెత్తుకొచ్చాడు. ఒకప్పుడు ఆయన సంచీ మోసినవాడే, ఇప్పుడీ భవనానికి చైర్మన్. “అయ్యో, మీరెందుకొచ్చారు సార్? అమ్మగారినే కదండీ పిలిచాను!”

“బతికున్న మనిషికి దండేస్తావా? నీ చేతులు పడిపోనూ!” అన్నాను.

“మెల్లగా అమ్మా. బతికున్నవాళ్ళ పేర్లు సర్కారు భవనాలకి పెట్టకూడదని సారే మంత్రిగా రూలు పెట్టారు. వేరే దారిలేక, సారు పోయారని చెప్పాను. ఇక్కడంతా కొత్తవాళ్ళు, ఎవరూ గుర్తుపట్టరు. సారు వెనక కూర్చుంటే పేరు నిలిచిపోతుంది.”

చెంప పగలగొడతారనుకున్నాను. ఆయన గోడ మీద తన పేరున్న ఇత్తడి అక్షరాలు చూసి, “కాసేపేగా భ్రమరా, వెనక కూర్చుందాం” అన్నారు.

గోడ మీద పేరు కోసం చచ్చిపోయినట్టుంటారట! మరి నా పసుపు కుంకాల మాటేమిటి?

ఆ అమ్మాయి పళ్ళెంలోంచి కుంకుమ తీసి రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టుకున్నాను. తిన్నగా వేదికెక్కి, ఫోటోకున్న దండ లాగి, తెచ్చి ఆయన మెడలో వేశాను. “ఈయనే రామబ్రహ్మం! నిక్షేపంగా ఉన్నారు!” అని అరిచాను. అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. సోమేశ్వరరావు తల పట్టుకున్నాడు. ఎవరో లేచి ఇత్తడి అక్షరాల మీద తెర కప్పేశారు.

కారెక్కగానే డ్రైవర్ పోచయ్య వెనక్కి తిరిగి, “గింత జల్ది అయిపోయిందా అమ్మా? దండ చూస్తే సారుకు సన్మానం మస్తుగ చేసినట్టున్రు” అన్నాడు.

ఆయన కిటికీ వైపు మొహం తిప్పుకున్నారు. “నాకు మిగిలింది ఆ ఒక్క గోడే. దాన్నీ లేకుండా చేశావు.”

“మరి నేనో?” అన్నాను.

కారు ఖాజాగూడ చెరువు దాటింది. ఆయన ఇంకా వెనక్కి, ఆ భవనం వైపే చూస్తున్నారు.